హత్యలు సరే, సెకండాఫ్ సంగతేంటి?

తెలుగు సినిమాలో నెత్తురు ఎక్కువైపోయిందనీ, ప్రేక్షకుడు చెడిపోతున్నాడనీ కొందరు పెద్దలు తెగ బాధపడిపోతున్నారు. వాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ప్రేక్షకుణ్ణి ఒక్కసారి అడిగి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. నేను అడిగాను. మొన్న వచ్చిన ఆ మాఫియా సినిమా (పేరు చెప్పను, చెబితే అభిమానులు మా అపార్ట్‌మెంట్ గేటు దాకా వస్తారు, ఆ గేటు ఇప్పటికే ఒక పక్కకు ఒరిగి ఉంది) చూసొచ్చిన మా బెంగళూరు మారతహళ్లి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ తెలుగువాళ్లను పట్టుకుని ఓపిగ్గా విన్నాను. హింస మీద ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు. ఉన్న ఫిర్యాదులన్నీ మిగతా వాటి మీదే.

మొదటిది సెకండాఫ్ లాగ్. ఈ మాట అననివాళ్లు లేరు. ఎక్కడ లాగైందో కాస్త విడమరిచి చెప్పమని మా ఎదురు ఫ్లాట్ టెస్టింగ్ ఇంజినీరును అడిగాను. తప్పులు పట్టడమే ఆయన ఉద్యోగం కాబట్టి ఠక్కున చెప్పాడు. డాన్ భార్య కూతురి స్కూలు ఫీజు గురించి మొగుణ్ణి అడిగే సీను ఒకటుందట. ఆ తర్వాత ముగ్గురూ కూర్చుని అన్నం తింటారట. "అంతసేపూ ఒక్కడంటే ఒక్కడు చావలేదండీ. పక్కవాళ్లంతా ఫోన్లు తీసేశారు" అన్నాడు నిష్ఠూరంగా. డబ్బు పెట్టి వచ్చినవాణ్ణి అలా గాలికొదిలేయడం ఏ దర్శకుడికైనా తగని పని.

లెక్కల దగ్గర మనవాళ్లు ఎంత నిక్కచ్చిగా ఉంటారో ఆ సాయంత్రం లిఫ్టు దగ్గర కళ్లారా చూశాను. సినిమా మొత్తం మీద ఎంతమంది పోయారన్న దగ్గర ఇంజినీరుకూ, రెండో అంతస్తు బ్యాంకు ఆయనకూ తేడా వచ్చింది. ఒకాయన తొంభై అయిదన్నాడు, ఇంకొకాయన తొంభై నాలుగన్నాడు. ఈలోగా లిఫ్టు రెండుసార్లు వచ్చి, తలుపు తెరిచి, ఎవరూ ఎక్కకపోతే మూసుకుని వెళ్లిపోయింది. తేడా చివరికి క్వారీ గుంతలో దొరికింది. ఇంటర్వెల్‌కు ముందు ఒకణ్ణి అందులోకి తోస్తారు. పడటం చూపించారు గానీ శవాన్ని చూపించలేదు. శవం లేనిదే ఎంట్రీ వేయనన్నాడు బ్యాంకు ఆయన. రేపు సీక్వెల్‌లో వాడు లేచొస్తే ఎవరు జవాబుదారీ అని అడిగాడు. దానికి ఇంజినీరు నోరు మెదపలేకపోయాడు. తొంభై నాలుగుకు ఖాయం చేసుకున్నారు. టికెట్టు ధరను దాంతో భాగిస్తే తలకు పది రూపాయలు కూడా పడలేదు. గిట్టుబాటేనని ఇద్దరూ ఒప్పుకుని లిఫ్టెక్కారు.

ధర మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 2025 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం, పన్నులు కాకుండా టికెట్టు 200 రూపాయలు దాటకూడదని నిబంధన తెచ్చింది. మల్టీప్లెక్సులవాళ్లూ నిర్మాతలూ కోర్టుకెక్కారు. ఆ నెల తిరక్కుండానే హైకోర్టు స్టే ఇచ్చింది. ఆ రోజు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పుట్టిన ధర్మాగ్రహం అంతా ఇంతా కాదు. దోపిడీ అన్నారు, ముఠా అన్నారు, గొంతు కోస్తున్నారన్నారు. తెర మీద నిజంగానే గొంతులు కోసినప్పుడు మాత్రం అదే జనం ఈలలు వేశారు. మనిషికి దేనికి కోపం తెచ్చుకోవాలో తెలిసి ఉండాలి మరి.

అలాగని మనవాళ్లది బండ గుండె అనుకునేరు. క్లైమాక్సు ముందు డాన్ తల్లి దగ్గి దగ్గి కన్ను మూస్తే హాలంతా ముక్కులు చీదింది. మా పిన్ని ఇంటికొచ్చాక కూడా తేరుకోలేదు. "ఆ తొంభై నలుగురికీ తల్లులు ఉండే ఉంటారు కదా పిన్నీ" అంటే, "చూపించలేదుగా" అంది. సబబే. చూపించని తల్లుల కోసం కూడా ఏడవాలంటే ప్రేక్షకుడు ఎన్ని కర్చీఫులని మోస్తాడు? పిన్నికి సినిమాలో నచ్చనిది ఒకటే. ముఠా మొత్తానికి తెల్ల పంచెలు కట్టించారు. "రోజూ నెత్తుటి పని పెట్టుకుని తెల్ల పంచెలేంట్రా, ఉతికేదెవరు?" అంది. నేను విన్న విమర్శల్లో కాస్త సామాజిక స్పృహ కనిపించింది ఇందులోనే.

ఇక పిల్లల సంగతి. సినిమాటోగ్రాఫ్ చట్టం 1952 నుంచి ఉంది. 'ఎ' సర్టిఫికెట్ సినిమాకు పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లను రానివ్వకూడదు. చాలదన్నట్టు 2023 సవరణలో 'యుఎ'ను కూడా 7, 13, 16 ఏళ్లంటూ మూడు మెట్లు చేశారు. ఇన్ని మెట్లు కట్టినవాళ్లెవరూ బెంగళూరు తెలుగు తండ్రిని ఎరగరు. మా బ్లాకాయన ఆరేళ్ల కొడుకుని చంకనేసుకుని థియేటర్ గేటు దగ్గర నిలబడ్డాడు. సినిమా 'ఎ', లోపలికి కుదరదన్నాడు గేటు కుర్రాడు. ఈయన వచ్చీరాని హిందీలో ఒకటే వాదన: "మావాడికి తెలుగు రాదు భాయ్. ఒక్క ముక్క అర్థం కాదు. వాడి వరకు ఇది మూకీ సినిమా." గేటు కుర్రాడు ఒడిశా నుంచి వచ్చినవాడు. పొద్దుట్నుంచీ అర్థంకాని అరుపులు వింటూ నిలబడ్డాడేమో, పిల్లాడి అవస్థ తెలిసినట్టే తలూపి వదిలేశాడు.

మరి ఆ మూకీ సినిమా ఏం చేసిందో వినండి. ఆ పిల్లాడికి తల్లి రెండేళ్లుగా తెలుగు నేర్పిస్తోంది. అచ్చుల పటం గోడకు అంటించింది, పద్యాలు పెట్టింది, తెలుగులో అడిగితేనే చాక్లెట్టు అంది. వాడు చాక్లెట్టే మానేశాడు గానీ తెలుగు మాట్లాడలేదు. సినిమా చూసొచ్చిన మర్నాడు దోసె ఆలస్యమైంది. వాడు కుర్చీ మీదికెక్కి, చెంచా పైకెత్తి, "పళ్లెంలోకి రావాల్సింది రాకపోతే, పాడె మీదికి పోవాల్సింది పోతది" అన్నాడట. 'ళ' దగ్గర నాలుక మడత పడింది, ఒత్తులు ఎక్కడివక్కడ పడ్డాయి. ఆ సమయానికి అనంతపురం నుంచి నానమ్మ వీడియో కాల్‌లో ఉంది. మనవడి నోట తెలుగు విని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఇంకోసారి అను నాన్నా" అంది. వాడు అన్నాడు, ఈసారి మీసం తిప్పుతున్నట్టు చెయ్యి కూడా పెట్టాడు. తండ్రి మళ్లీ తీసుకెళ్లడానికి టికెట్లు చూస్తున్నాడు. చదువు విషయంలో ఖర్చుకు వెనకాడే మనిషి కాదాయన.

ఐటీ కుర్రాళ్ల దగ్గర మాత్రం నేను కాస్త ఎక్కువసేపు కూర్చోవాల్సి వచ్చింది. మా పై ఫ్లాట్లో నలుగురు బ్యాచిలర్లు ఉంటారు. శనివారం సాయంత్రం మేనేజరు 'ఒకసారి కాల్‌లోకి వస్తావా' అని మెసేజి పెడితే, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, టాక్సిక్ అని పదిమందికి పంపే సుకుమారులు. డాన్‌కు మాత్రం పడిపోయారు. వాడు అర్ధరాత్రి ఫోన్ చేస్తాడు. సెలవడిగినవాడికి శాశ్వతంగా ఇచ్చేస్తాడు. పని ఆలస్యమైనందుకు సారీ చెప్పబోయినవాణ్ణి ఆ సారీ పూర్తి కాకముందే కాల్చేస్తాడు. మానేస్తానన్నవాడే క్వారీ గుంతలోకి పోయింది. "లీడరంటే అలా ఉండాలంకుల్" అన్నాడు ఒకడు, నూడుల్స్ కలుపుకుంటూ. మీ మేనేజరు అలా ఉంటేనో అన్నాను. "మావాడికి అంత సీన్ లేదు" అన్నాడు.

తర్వాత నింపాదిగా నాకు బోధపరిచారు. అక్కడ అప్రైజల్ ఫారం ఉండదు. మన గురించి మనమే గొప్పగా రాసుకుని, దాన్ని ఇంకొకడు తగ్గించడం ఉండదు. బాస్ భుజం మీద చెయ్యి వేశాడా, ప్రమోషన్. నడుం దగ్గరికి చెయ్యి పోనిచ్చాడా, అదీ తెలిసిపోతుంది. మూడు నెలల నోటీసు పీరియడ్ అసలే లేదు. ముఠాలో వాళ్లకు కనిపించింది శుభ్రంగా నడుస్తున్న కంపెనీ. సరే, పెద్దవాణ్ణి కదా, హెచ్చరించాలనిపించింది. భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది, అందులో 111వ సెక్షన్ వ్యవస్థీకృత నేరానికి పెట్టారు, ప్రాణం పోతే ఉరిశిక్ష గానీ యావజ్జీవం గానీ, పోకపోయినా అయిదేళ్లకు తగ్గని జైలు, 5 లక్షలకు తగ్గని జరిమానా అని చెప్పాను. "అయిదేళ్లు ఒకేచోటా? మధ్యలో తీసేయరా?" అన్నాడు ఆ నలుగురిలో మొన్న లేఆఫ్ అయినవాడు. వాడి మొహంలో భయం జాడ లేదు.

అప్పుడే వచ్చిన మా పెదనాన్న ఇదంతా విన్నాడు. ఆయన చిక్‌పేటలో బట్టల కొట్టు నడిపిన మనిషి. కొత్వాల్ రామచంద్ర, ఎం.పి.జయరాజ్ అనే నిజం డాన్లు బెంగళూరును ఏలిన రోజులు ఎరుగును. 1986లో ఒకరినీ, 1989లో ఇంకొకరినీ చంపేశారు. "వాళ్ల మనిషి వీధి మలుపులో కనిపిస్తే షట్టరు దించేవాళ్లంరా. ఈల వేయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు" అన్నాడు. నలుగురూ ఆయన చుట్టూ చేరారు. "అంటే మీరు లైవ్‌లో చూశారా తాతగారూ? టికెట్ లేకుండా?" పెదనాన్న ఆ తర్వాత మాట్లాడలేదు, కాఫీ తాగి వెళ్లిపోయాడు.

దర్శకుణ్ణి తప్పుపట్టేవాళ్లకు కూడా ఒక మాట. హింసను గొప్ప చేయకూడదు, సమర్థించకూడదు అని 1991 నాటి సెన్సారు మార్గదర్శకాల్లో ఉంది. ఆయన దాన్ని తూచా తప్పకుండా పాటించాడు, చివరి పది నిమిషాల్లో. డాన్ చేత కత్తి చెరువులో పారేయించి, బడి పిల్లలకు పలకలు పంచిపెట్టించాడు. ఆ పది నిమిషాల్లోనే అందరూ పార్కింగ్‌లోంచి బళ్లు తీసుకుని బయటపడ్డారు. ఆ సందేశం లేకపోతే అవుటర్ రింగ్ రోడ్డు మీద ఆ రాత్రి ట్రాఫిక్ ఎలా ఉండేదో ఊహించండి.

న్యాయ సంహిత తిరగేస్తుంటే 111 పక్కనే ఇంకో సెక్షన్ కంటపడింది. 112, చిన్నతరహా వ్యవస్థీకృత నేరం. ముఠాగా చేరి దొంగతనం, లాక్కుపోవడం, మోసం, జూదం, పరీక్ష పేపర్లు అమ్మడం, వీటితో పాటు అనధికారికంగా టికెట్లు అమ్మడం కూడా అందులో ఉంది. ఏడాదికి తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. మొదటిరోజు తెల్లవారుజాము షోకు టికెట్లు ఎవరు ఎన్ని పట్టుకొచ్చారో, ఎంతకు అమ్మారో నేను రాయను. కొన్నవాళ్లలో మా అసోసియేషన్ ప్రెసిడెంటు గారు కూడా ఉన్నారు, అందుకని.

ఆయన అరవై దాటిన మనిషి. డాన్ ఫోన్లో "నేను అడగను, తీసుకుంటాను" అన్నప్పుడు రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశారని చూసినవాళ్లు చెప్పారు. ఆ వారమే మా సంపు ఎండింది. బెంగళూరులో సంపు ఎండితే ఇక ట్యాంకరు అన్నే దిక్కు. 2024 మార్చిలో నీటి కటకట వచ్చినప్పుడు జిల్లా యంత్రాంగం ట్యాంకర్లకు రేట్లు కట్టింది: అయిదు కిలోమీటర్ల లోపైతే 6 వేల లీటర్లకు 600, 12 వేల లీటర్లకు 1,000 రూపాయలు. ప్రెసిడెంటు గారు ఆ రేట్ల కాగితాన్ని అప్పట్లోనే లామినేషన్ చేయించి ఆఫీసు గదిలో గోడకు తగిలించారు. ట్యాంకరు ఆయన వస్తున్నాడంటే మాత్రం దాని మీద క్యాలెండరు వేలాడదీస్తారు. ఆ రోజు ఫోన్లో ఆయన గొంతు నేను విన్నాను. "అన్నా, నేనన్నా... సాయంత్రానికైనా ఒక్క లోడు... రేటుదేముందన్నా, మీరెంతంటే అంత."

సాయంత్రం ట్యాంకరాయనే స్వయంగా వచ్చాడు. ముళబాగిలు వైపు వాడు, ఇంట్లో తెలుగే. పైపు సంపులోకి వదిలి బీడీ వెలిగించాడు. సినిమా చూశావా అని అడిగాను.

"చూస్తిని సార్, మొదటి దినమే. ఏం బాగలేదు" అన్నాడు. హింస నచ్చని ప్రేక్షకుడు ఒక్కడైనా దొరికాడని నేను చప్పున జేబులోంచి కాగితం తీశాను.

"పొద్దున లేస్తే నరుకుడే నరుకుడు సార్. ఇంక వసూలుకు ఎప్పుడు పోతాడు వాడు? కనబడినోళ్లందర్నీ చంపుకుంటూ పోతే నెలనెలా దుడ్లిచ్చేది ఎవురు?" అని బీడీ నుసి రాల్చాడు. "యాపారం తెలీనోడు తీసినాడు సార్."

ప్రెసిడెంటు గారు పక్కనే నిలబడి అవునవునని తల ఊపుతున్నారు. లోడు దిగాక వేలు తడిచేసుకుని నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, పైన ఇంకో వంద కలిపి ఇచ్చారు.