ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉందేమో చూసుకోండి

కొత్త సిస్టమ్ కొనబోతున్న పెళ్లి వీడియో ఎడిటర్లు ఒక్క ఐదు నిమిషాలు ఇది చదవండి.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆగిపోయింది. అప్పటి నుంచి అమలాపురం, రావులపాలెం, పాలకొల్లు, ఏ స్టూడియోలో కూర్చున్నా ఇదే మాట. పాత సిస్టమ్‌కి విండోస్ 11 ఎక్కదు, సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ నడవదు. సరే, అప్పోసప్పో చేసి కొంటాం. షాపులో మొదట అడిగేది “బడ్జెట్ ఎంతండీ?” అని. “మీ కెమెరా ఏ ఫార్మాట్‌లో రికార్డు చేస్తుందండీ?” అని అడిగినవాళ్లను నేనింతవరకు చూడలేదు. నా కోపమంతా అక్కడే.

నేను రాజమండ్రి వెళ్లి కొన్నాను. పన్నెండో తరం ఐ5, 32 జీబీ ర్యామ్, మంచి గ్రాఫిక్స్ కార్డు. బిల్లు లక్ష దాటింది. తెచ్చి, మాఘమాసంలో తీసిన ఒక పెళ్లి టైమ్‌లైన్ (ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులు వరుసగా పేర్చే చోటు) మీద వేశాను. జీలకర్ర బెల్లం షాట్. చేతులు తలల మీద ఉన్నాయి, అడ్డుతెర దించుతున్నారు, అమ్మాయి కళ్లెత్తబోతోంది. అక్కడ బొమ్మ ఆగిపోయింది. మేళం మోగుతూనే ఉంది. మళ్లీ బొమ్మ కదిలేసరికి ఆ పిల్ల తల దించేసుకుంది. పెళ్లి మొత్తానికి ఏ చూపు కోసం కెమెరా పట్టుకుని నిలబడ్డామో, ఆ చూపు దగ్గర కట్ ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అవతల పెళ్లికూతురి నాన్నగారు, “అల్లుడు మస్కట్ వెళ్లిపోయేలోగా ఇచ్చేస్తావా బాబూ?” అని రోజూ ఫోను.

కారణం తెలియడానికి పది రోజులు పట్టింది. మా కెమెరా రికార్డు చేసేది హెచ్.265 (వీడియోను బాగా కుదించే పద్ధతి), 10 బిట్ (ఒక్కో రంగుకు ఎక్కువ మెట్లు), 4:2:2 (రంగు వివరం ఎక్కువగా ఉంచే తీరు). ఇంటెల్‌లో 11వ తరం నుంచి ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్ ఇలా కుదించిన ఫైలును తేలిగ్గా విప్పి చూపగలదు. క్విక్ సింక్ అంటారు దాన్ని. కానీ పేరు చివర ఎఫ్ ఉంటే లోపలి గ్రాఫిక్స్ ఉండదు. కాస్త చవక అని నాకు అంటగట్టింది 12400ఎఫ్. గ్రాఫిక్స్ కార్డు ఉందిగా అంటారా? ఎన్విడియా కంపెనీ కార్డుల్లో ఈ 4:2:2ను విప్పడం 2025లో వచ్చిన 50 సిరీస్‌తోనే మొదలైంది. నాది అంతకు ముందుది. ఆ కార్డు ఊరికే కూర్చుంటే బరువంతా ప్రాసెసర్ మోసింది.

8 బిట్‌లో తీసుకుంటే గొడవే ఉండదు కదా అని ఒకాయన సలహా. మనసొప్పలేదు. 8 బిట్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు, 10 బిట్‌లో 1024. పసుపు రాసిన ముఖం మీద ఎల్ఈడీ వెలుగు పడ్డప్పుడు, గ్రేడింగ్‌లో, అంటే రంగులు సరిచేసేటప్పుడు, ఆ తేడా చెంప మీదే కనిపిస్తుంది.

చివరికి ఎఫ్ లేని 12400 వేయించాను. బయోస్‌లో (సిస్టమ్ ఆన్ అవ్వగానే తెరుచుకునే సెట్టింగుల్లో) లోపలి గ్రాఫిక్స్ ఆన్ చేయాలి, అది కూడా ఎవరూ చెప్పరు. ఇప్పుడు టైమ్‌లైన్ కాలవలో నీళ్లలా సాగుతోంది.

డబ్బు లేనివాళ్లు దయచేసి కొత్త సిస్టమ్ కోసం అప్పు చేయకండి. ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం అసలు ఫైళ్లకు చిన్న సైజు కాపీలు, చేసుకోండి. 4కేలో ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల పిక్సెళ్లుంటాయి, సైజు తగ్గిస్తే సిస్టమ్ మీద భారం తగ్గుతుంది. రాత్రి పడుకునే ముందు ఆ కాపీలు తయారవడానికి పెట్టి, పొద్దున్న వాటి మీద ఎడిట్ చేస్తే పాత సిస్టమైనా నడుస్తుంది. ఫైనల్ ఎక్స్‌పోర్ట్ అసలు ఫైళ్ల నుంచే వస్తుంది, క్వాలిటీ ఎక్కడికీ పోదు. యూపీఎస్ మాత్రం ఉండాలి, మన కరెంటు సంగతి తెలిసిందే.

సీజన్ మధ్యలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ జోలికి పోవద్దు. ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త వెర్షన్‌కి మార్చిన ప్రాజెక్టు పాతదాంట్లో మళ్లీ తెరుచుకోకపోవచ్చు. ముందు ప్రాజెక్టు కాపీ ఒకటి వేరే డిస్కులో పెట్టుకోండి.

కొనడానికి వెళ్లేటప్పుడు మీ కెమెరాలో తీసిన క్లిప్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లండి. బిల్లులో ప్రాసెసర్ నంబరు చివరి అక్షరంతో సహా రాయించుకోండి. డబ్బు కట్టకముందే ఆ క్లిప్ అక్కడ ప్లే చేయించండి. కుదరదంటే పక్క షాపుకు వెళ్లండి.