సవరణ: చెట్టుకప్ప వేళ్ళలో రబ్బరు కప్పులు లేవు

వానాకాలంలో విశాఖపట్నం ఇళ్ళ స్నానాలగదుల్లోకి వచ్చి టైల్స్‌కు అతుక్కునే చెట్టుకప్ప గురించి ఇంతకుముందు రాస్తూ, దాని వేలికొసల మెత్తలు రబ్బరు కప్పుల్లా లోపలి గాలిని బయటకు నెట్టి పట్టుకుంటాయని పేర్కొన్నాను. అది తప్పు.

రబ్బరు కప్పు నిలవాలంటే అంచు గాలి చొరకుండా మూసుకోవాలి. కప్ప మెత్త మీద మాత్రం సుమారు 10 మైక్రోమీటర్ల (మిల్లీమీటరులో నూరో వంతు) వెడల్పుతో, ఎక్కువగా ఆరు భుజాల ఆకారంలో ఉండే కణాలు, వాటి నడుమ సన్నని కాలువలు ఉంటాయి. ఆ కాలువల వెంట పరుచుకునే పలుచని శ్లేష్మపు పొర, ముఖ్యంగా తన తలతన్యత (ద్రవపు పైపొర బిగుతుగా సాగదీసిన పొరలా లాగే గుణం) వల్ల, మెత్తను గోడకు లాగి పట్టుకుంటుంది. కణాల పైభాగం నున్నగా కనిపించినా, అక్కడ ఇంకా సూక్ష్మమైన స్తంభాలు ఉన్నాయి. అవి గోడకు అతి దగ్గరగా చేరడం వల్ల ఘర్షణ పెరిగి, తడిగా ఉన్నా కాలు జారదు. ఇంత పట్టు ఉన్నా కప్ప సులువుగా అడుగు వేయగలగడానికి కారణం, మెత్తను ఒక్కసారిగా పెకలించకుండా, వెనుక అంచు నుంచి స్టిక్కరు ఒలిచినట్టు ఎత్తడమే.

కప్ప కూడా బల్లిలాగే గోడను పట్టుకుంటుందని అప్పుడు చేసిన పోలికను కూడా ఉపసంహరించుకుంటున్నాను. బల్లి వేళ్ళ కింద ఉండేది అతిసన్నని నూగు. దాని పట్టుకు ద్రవంతో పనిలేదు.