ముద్ర వేస్తారు, రసీదు ఇవ్వరు

శనివారం రాత్రి అనంతపురంలో ఓ క్లబ్బు గేటు దగ్గర వెయ్యి రూపాయలు కట్టిన విద్యార్థికి దక్కేది మణికట్టు మీద ఊదారంగు ముద్ర. రసీదు అడిగితే లోపల ఇస్తారంటారు. లోపల అడిగితే గేటు దగ్గరే తీసుకోవాల్సిందంటారు. తెల్లారి చేతులు కడుక్కుంటే ఆ ముద్రా పోతుంది. డబ్బు కట్టిన ఆధారం అంతటితో సరి.

అంత పోసి వెళ్తే లోపల ఏముంది? ఫంక్షన్ హాలుకు నల్ల పరదాలు కట్టి, పెళ్లిళ్లలో తిప్పే లైట్లే తిప్పుతున్నారు. డ్యాన్స్ చేస్తుంటే కాళ్లకింద అక్షింతలు తగిలాయని ఓ అమ్మాయి మాకు రాసింది. ఏసీ అన్నారు, కూలర్ పెట్టారు. బెంగళూరు డీజే అని పోస్టరు వేశారు, పెన్‌డ్రైవు వచ్చింది. ఇరవై రూపాయల నీళ్ల సీసా వంద. నిమ్మరసంలో నాలుగు పుదీనా ఆకులేసి రెండొందల యాభై. లెక్క చీటీ మీద పెన్సిలుతో రాసిస్తారు. చివర్లో సర్వీసు ఛార్జి, జీఎస్టీ కూడా కలుపుతారు. జీఎస్టీ నంబరు మాత్రం ఎక్కడా ఉండదు.

ఇష్టం లేనివాళ్లు మానేయొచ్చు కదా అని నిర్వాహకులు అంటున్నారు. అసలీ క్లబ్బులే మన ఊరికి వద్దని మరికొందరి వాదన. రెండూ విన్నాం. ఎస్కేయూ, జేఎన్‌టీయూ విశ్వవిద్యాలయాలు ఉన్న ఊళ్లో పిల్లలు ఓ రాత్రి ఆడిపాడటం మీద మాకు పేచీ లేదు. రాయదుర్గం నుంచో మడకశిర నుంచో వచ్చి, ఉగ్గాని బజ్జీతో పూట గడుపుకొనే పిల్లల దగ్గర గుంజుతున్న సొమ్ము మీదే మా పేచీ. అంతకంటే, చూసీచూడనట్టు ఊరుకున్న అధికారుల మీద.

టవర్‌క్లాక్ దగ్గర ఉడకబెట్టిన చెనిక్కాయలు అమ్మే బండి దగ్గరికి తూనికలు కొలతల శాఖ వస్తుంది. త్రాసుకు తనిఖీ ముద్ర ఉందా, గడువు దాటిందా అని చూస్తుంది. చూడాల్సిందే. మరి క్లబ్బు గేటు దాకా అదే శాఖకు దారి తెలియదా? బండివాడి త్రాసుకు ముద్ర లేకపోతే నేరం. ఇక్కడ ముద్ర కొనేవాడి చేతికే వేస్తున్నారు, అడిగే నాథుడు లేడు.

హోటళ్లు నీళ్ల సీసాను ఎమ్మార్పీకి మించి అమ్ముకోవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పిందని నిర్వాహకులు గుర్తుచేస్తున్నారు. నిజమే. అయితే అక్కడ అమ్మేది ఒక్క సీసా కాదు, కూర్చోబెట్టి వడ్డించే సేవ, చుట్టూ ఉన్న వాతావరణం కూడా కలిసే ఉంటాయన్నది ఆ తీర్పుకు ఆధారం. కుర్చీ లేని హాల్లో, ఉక్కపోతలో, ప్లాస్టిక్ గ్లాసు చేతికిస్తే దాన్ని సేవ అనాలా? సర్వీసు ఛార్జిని బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే చెప్పింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ మాటనే నిలబెట్టింది. ఆ కోర్టు తీర్పు బండివాడికి తెలియకపోవచ్చు, శాఖకు తెలియాలి కదా.

ఇంకో సంగతి. హాలు రెండో తలుపు పరదా వెనక ఉందట, దానికి తాళమట. గోవాలోని ఆర్పోరాలో 2025 డిసెంబరులో నైట్‌క్లబ్బు తగలబడి 25 మంది పోయారు. ఆ వార్తను మొదటి పేజీలో చదివిన అగ్నిమాపక అధికారులు ఆ తాళం సంగతి ఎందుకు అడగలేదు? మద్యం తాగడానికి 21 ఏళ్లు నిండాలన్న నిబంధన ఉన్న రాష్ట్రంలో గేటు దగ్గర ఒక్కరి వయసూ అడగడం లేదని ఫిర్యాదు. అబ్కారీ వాళ్లకూ చెనిక్కాయల బండే కనిపిస్తుందేమో.

మోసపోయిన పిల్లలు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. చేస్తే మొదట అడిగేది రసీదే. అది ఎందుకు ఇవ్వడం లేదో ఇక వేరే చెప్పాలా?

తూనికలు కొలతల అధికారులు ఈ శనివారం సొంత డబ్బుతో టికెట్టు కొని లోపలికి వెళ్లాలి. రసీదు అడగాలి. రసీదు లేకుండా, ముద్ర వేయించుకుని ఊరికే తిరిగొస్తే, సోమవారం అదే చేత్తో చెనిక్కాయల బండి త్రాసు ఎలా పట్టుకుంటారో మేమూ వచ్చి చూస్తాం.