నమూనా పంపిన దేశానికి టీకాలో వాటా ఉందా? – ఒక వాదోపవాదం

2025 మే 20న జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్య దేశాలు మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించాయి. మూడేళ్లకు పైగా బేరసారాలు సాగినా అసలు ముడి మాత్రం విడలేదు. కొత్త రోగకారక క్రిమి నమూనానూ దాని జన్యుక్రమాన్నీ ఒక దేశం లోకానికి అందిస్తే, వాటి ఆధారంగా తయారైన టీకాల్లో, మందుల్లో ఆ దేశానికీ తక్కిన పేద దేశాలకూ ఏం దక్కాలన్నది పన్నెండో అధికరణంలో స్థూలంగా చెప్పి, ఎలా దక్కాలన్నది తర్వాత రాసుకోబోయే అనుబంధానికి వదిలేశారు. ఆ అనుబంధానికి ఆమోదం దొరికితే తప్ప ఒప్పందం మీద సంతకాలే మొదలు కావు. దీని గురించి ఇద్దరి మధ్య సాగిన వాదన ఇది. తర్కశాస్త్రపు పాత పద్ధతిలో, వాటా అడగడం మీద అభ్యంతరాలు లేవనెత్తేవారిని పూర్వపక్షి అనీ, వాటికి జవాబిచ్చి వాటా ఉండాలన్న మాటను నిలబెట్టేవారిని సిద్ధాంతి అనీ పిలుస్తున్నాను. ఆ పేర్లు పెట్టడంలోనే నా మొగ్గు ఎటో తెలిసిపోతుంది కాబట్టి దాన్ని దాచే ప్రయత్నం చేయడం లేదు. అయితే పూర్వపక్షి అడిగిన వాటన్నిటికీ సిద్ధాంతి దగ్గర జవాబులు లేవు.

పూర్వపక్షి: 2020 జనవరి 11న కొత్త కరోనా వైరస్ జన్యుక్రమాన్ని షాంఘైలోని ఒక ప్రయోగశాల అందరికీ కనిపించేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. అది దాదాపు 30 వేల అక్షరాల వరస. ఒక మామూలు ఈమెయిల్‌లో పంపించవచ్చు. జనవరి 13కల్లా మోడర్నా కంపెనీ తన టీకాలో ఏ వరస ఉండాలో తేల్చేసుకుంది. మార్చి 16న మొదటి వాలంటీరుకు సూది వేశారు. టీకాకు రూపమివ్వడానికి వైరస్ ఉన్న సీసా ఆ కంపెనీకి చేరాల్సిన అవసరమే రాలేదు. వైరస్‌కు బదులు దాని జన్యుక్రమం ఆధారంగానే టీకా చేసే ఎంఆర్‌ఎన్‌ఏ పద్ధతి తెచ్చిన మార్పు అదే. ఆ ప్రయోగశాల తన ప్రభుత్వ అనుమతి కోసం ఆగలేదనీ, జన్యుక్రమం బయటపెట్టిన మర్నాడే అధికారులు దాన్ని మూయించారనీ మరిచిపోవద్దు. అంటే సమాచారాన్ని తొక్కిపెట్టడానికి ప్రభుత్వాలకు ఇప్పటికే కావలసినన్ని సాకులున్నాయి. మీరు వాటికి “మా వాటా ఎంతో తేలేదాకా ఇవ్వం” అనే గౌరవప్రదమైన సాకు ఇంకొకటి చేర్చి ఇస్తున్నారు. కొత్త వైరస్ బయటపడిన 100 రోజుల్లో టీకా సిద్ధం కావాలని, టీకాల పరిశోధనకు నిధులిచ్చే సెపీ సంస్థ లక్ష్యం పెట్టుకుంది. ఆ వందలో మీ ఒప్పందాల బేరానికి ఎన్ని రోజులు కేటాయించమంటారు?

సిద్ధాంతి: వేగం గురించి మీరు చెప్పినదంతా ఒప్పుకుంటాను. కానీ ఆ వేగం ఎవరి దగ్గర ఆగిపోయిందో కూడా చెప్పండి. జన్యుక్రమం ఒక్క గంటలో అన్ని దేశాలకూ అందింది. ట్రయల్స్ బయట మొదటి ఫైజర్ టీకాను 2020 డిసెంబరు 8న బ్రిటన్‌లో వేశారు. పేద దేశాలకు టీకాలు చేర్చడానికి పెట్టిన కోవాక్స్ పథకం 2021 చివరికల్లా 200 కోట్ల డోసులు అందిస్తానంది. అందులో సగం చేరేసరికి 2022 జనవరి మధ్యకు వచ్చాం.

పూర్వపక్షి: అది టీకాల పంపిణీలో జరిగిన తప్పు. సంపన్న దేశాలు ముందస్తు కొనుగోళ్లతో సరుకంతా తమవైపు లాగేసుకున్నాయి, మరికొన్ని దేశాలు ఎగుమతులు ఆపేశాయి. దానికి మందు పంపిణీ దగ్గరే వెతకాలి. ఆ మహమ్మారిలో సక్రమంగా పనిచేసినది ఒక్క జన్యుక్రమాల మార్పిడి మాత్రమే, మీరు దాన్నే తాకట్టు పెట్టమంటున్నారు. ఈ దారి ఎక్కడికి పోతుందో 2007లోనే చూశాం. అప్పట్లో బర్డ్ ఫ్లూతో ఎక్కువ మంది చనిపోతున్న దేశాల్లో ఇండొనేషియా ఒకటి. సరిగ్గా ఆ సమయంలోనే అది బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 నమూనాలు పంపడం మానేసింది. వైరస్ మారుతున్నదో లేదో తెలియకుండా లోకమంతా గుడ్డిగా కూర్చోవలసి వచ్చింది.

సిద్ధాంతి: మీరు ఇండొనేషియాను బోనులో నిలబెట్టారు గనుక ఆ కథ మొత్తం చెప్పుకోవాలి. ఆ దేశం దశాబ్దాలుగా ఉన్న ఆనవాయితీ ప్రకారం తన రోగుల నుంచి తీసిన వైరస్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రయోగశాలల వలయానికి ఉచితంగా పంపింది. ఆ వైరస్‌తో ఒక ఆస్ట్రేలియా కంపెనీ టీకా తయారుచేస్తున్నదని ఇండొనేషియాకు తర్వాత తెలిసింది. రేపు నిజంగా మహమ్మారి వస్తే ఆ టీకా తమకు అందుబాటు ధరలో దొరుకుతుందన్న హామీ ఎవరి దగ్గరా లేదు. నమూనాలు ఆపడం ప్రమాదకరమైన పని అన్న మీ మాట నిజం. అయితే ఆ ఒక్క పని చేశాకే తక్కిన దేశాలు బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాయి. నాలుగేళ్ల చర్చల తర్వాత 2011లో ఫ్లూ మహమ్మారి సంసిద్ధత చట్రం ఏర్పడింది. దాని ప్రకారం ఆ వలయాన్ని వాడుకునే కంపెనీలన్నీ కలిసి ఏటా 2.8 కోట్ల డాలర్లు కట్టాలని లెక్క తేల్చారు. మహమ్మారి వస్తే ఉత్పత్తిలో కొంత భాగం ఇస్తామని టీకా కంపెనీలు ముందుగానే ఒప్పందాలు రాసిచ్చాయి. ఆ చట్రం వచ్చాక ఫ్లూ పరిశోధన కుంటుపడలేదు.

ఇక నమూనాలు దాచకుండా ఇచ్చిన వారికి ఏం దక్కిందో చూద్దాం. 2021 నవంబరులో బొత్స్వానా, దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు తమ యంత్రాల్లోంచి వచ్చిన కరోనా వైరస్ వరసల్లో అంతవరకూ చూడనన్ని మార్పులు ఒకేచోట ఉండటం గమనించారు. తర్వాత ఒమిక్రాన్ అని పేరు పెట్టింది దానికే. దాచుకోలేదు, వెంటనే ప్రకటించారు. రెండు మూడు రోజుల్లోనే యూరప్, అమెరికా ఆ ప్రాంతం నుంచి ప్రయాణాల మీద ఆంక్షలు పెట్టాయి. అలాంటి ఆంక్షలకు శాస్త్రీయ కారణం చూపాలని అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల్లో రాసి ఉంది. చూపకపోతే ఏం చేస్తారన్నది మాత్రం ఎక్కడా లేదు. అదే సంవత్సరం జనవరిలో ఆక్స్‌ఫర్డ్–ఆస్ట్రాజెనెకా టీకాకు దక్షిణాఫ్రికా డోసుకు 5.25 డాలర్లు చెల్లించవలసి వచ్చింది. యూరోపియన్ యూనియన్‌కు పడిన ధర అందులో సగం కంటే తక్కువ. కారణం అడిగితే, పరిశోధనలో పెట్టుబడి పెట్టిన దేశాలకు తగ్గింపు ఉంటుందన్నారు. ఆ టీకా క్లినికల్ ట్రయల్స్ కోసం దక్షిణాఫ్రికా పౌరులు తమ చేతులు చాపారు. అది మాత్రం పెట్టుబడి కింద లెక్కకు రాలేదు. ఈ ఒక్క సంగతే నన్ను ఈ పక్షాన నిలబెట్టిందంటే అతిశయోక్తి కాదు.

ఎబోలా సంగతీ అంతే. 1995లో కాంగోలోని కిక్విట్‌లో వచ్చిన ఎబోలా నుంచి బయటపడిన ఒక మనిషి రక్తంలోని యాంటీబాడీయే ఇప్పుడు ఆమోదం పొందిన రెండు ఎబోలా మందుల్లో ఒకదానికి మూలం. ఆ మందును పరీక్షించినదీ కాంగోలోనే. 2022 ఆగస్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెండు మందులనూ సిఫారసు చేస్తూ, పేద ప్రాంతాలకు ఇవి అందడం ఇంకా కష్టంగానే ఉందని ఒప్పుకోవలసి వచ్చింది. రక్తం అక్కడిది, రోగులు అక్కడివారు, మందు నిల్వలు ఇంకొక చోట.

పూర్వపక్షి: మీరు చెప్పినవన్నీ అన్యాయాలే. కానీ అన్యాయం ఎంత పెద్దదైతే మీరు సూచించే మార్గం అంత సరైనదవుతుందా? ఫ్లూ చట్రం పనిచేయడానికి కారణం ఉంది. అక్కడ సరుకు ఒక సీసా. అది ఒకే వలయం గుండా ప్రయాణిస్తుంది, ఎవరు పంపారో ఎవరు తీసుకున్నారో చీటీ ఉంటుంది. జన్యుక్రమానికి చీటీ ఎక్కడుంది? ఒక టీకాకు రూపమిచ్చేటప్పుడు కంప్యూటర్ ప్రోగ్రాములు వేలాది వరసలను పోల్చి చూస్తాయి. అవి ఎన్నో దేశాల నుంచి వచ్చినవి. ఏ వరసకు ఎంత వాటా? పైగా జన్యు వనరులు వాడుకుంటే వచ్చే లాభాన్ని అవి ఇచ్చిన దేశంతో పంచుకోవాలనే నగోయా ప్రోటోకాల్ వచ్చాక కొన్ని దేశాల చట్టాల మూలంగా మామూలు సీజనల్ ఫ్లూ వైరస్‌లు పంపడంలోనే జాప్యం జరిగింది. ఫ్లూ టీకాలో ఏ రకాలు ఉండాలో ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలోనూ సెప్టెంబరులోనూ, నిర్ణయిస్తారు. సీసా ఒక నెల ఆలస్యమైతే ఆ సమావేశం దాటిపోతుంది. దాని ఫలితం అనుభవించేది మళ్లీ రోగులే.

సిద్ధాంతి: ఏ వరసకు ఎంత వాటా అన్న లెక్కలోకి దిగితే ఎవరూ బయటపడలేరు, మీ మాట నిజమే. అందుకే ఒప్పందంలో ఆ లెక్క లేదు. మహమ్మారి అత్యవసర పరిస్థితి వచ్చినప్పుడు, ఇందులో చేరిన ప్రతి కంపెనీ అప్పటికప్పుడు తయారవుతున్న దానిలో 20 శాతాన్ని లక్ష్యంగా పెట్టుకుని ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందుబాటులో ఉంచాలి. మొత్తం ఉత్పత్తిలో కనీసం 10 శాతం ఉచితంగా, ఆ 20 శాతంలో మిగిలినది అందుబాటు ధరకు. అది నమూనా పంపిన ఒక్క దేశానికే పోదు, అవసరాన్ని బట్టి పోతుంది.

పూర్వపక్షి: పోయి ఏమైంది? 2021 డిసెంబరులో నైజీరియా పది లక్షలకు పైగా ఆస్ట్రాజెనెకా డోసులను చెత్తకుప్పలో పోసి బుల్డోజరుతో తొక్కించింది. ఆ ఫొటోలు మీరూ చూసే ఉంటారు. ఇచ్చినవాటినే వేయలేకపోయారు.

సిద్ధాంతి: ఆ డోసులు గడువు తీరడానికి కొన్ని వారాల ముందు దానంగా వచ్చినవని మీకు తెలియదా?

పూర్వపక్షి: తెలుసు. గడువు దగ్గర పడినవని తెలిసి తీసుకున్నారు కదా.

సిద్ధాంతి: అప్పుడు ఇంకేమీ దొరకనప్పుడు, కాదనగలిగే ఆరోగ్య మంత్రి ఎవరైనా ఉంటారా? దానం అన్న మాటలోనే ఆ చిక్కు ఉంది. ఎప్పుడు ఇవ్వాలో, ఎన్ని నెలల గడువున్నది ఇవ్వాలో ఇచ్చేవాడు నిర్ణయిస్తాడు. ఒప్పందం ప్రకారం రావలసిన వాటా అయితే గడువు గురించి ఒక వాక్యం రాసుకోవచ్చు.

పూర్వపక్షి: సరే, దానం వదిలేద్దాం. సొంత ఉత్పత్తి కావాలని మీ పక్షం వాళ్లు అడుగుతూ వచ్చారు. దక్షిణాఫ్రికాలో ఆస్పెన్ కంపెనీకి 2022 మార్చిలో జాన్సన్ అండ్ జాన్సన్ టీకాను సొంత పేరుతో తయారుచేసి ఆఫ్రికాలో అమ్ముకునే లైసెన్సు దొరికింది. ఒక్క ఆర్డరైనా వచ్చిందా? అడిగింది దొరికాక కొనేవాడు లేకపోయాడు.

సిద్ధాంతి: రాలేదు. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. అప్పటికి భయం తగ్గింది, కోవాక్స్ దగ్గర నిల్వలు పేరుకున్నాయి, వాటి ముందు ఆస్పెన్ నిలబడలేకపోయింది. ఏడాది ముందు వచ్చి ఉంటే కథ వేరుగా ఉండేదని నేను నమ్ముతాను, కానీ నిరూపించలేను. టీకాల కొరత పోయాక కూడా సొంత కర్మాగారాన్ని ఎవరు పోషించాలన్న ప్రశ్నను మా పక్షం వాళ్లు తప్పించుకుంటూ వచ్చారు. మనం మళ్లీ అసలు విషయానికి వద్దాం. 100 రోజుల్లో ఎన్ని రోజులు బేరానికి ఇవ్వాలని మొదట్లో అడిగారు. ఒక్క రోజు కూడా ఇవ్వవలసిన పని లేదు. ఏ వైరసూ లేని ఈ రోజే కంపెనీలు సంతకం చేయాలి. వైరస్ బయటపడిన రోజున ప్రయోగశాల ఎవరినీ ఏమీ అడగకుండా వరసను పెట్టేస్తుంది. తీసుకునేవారు తమ పేరు నమోదు చేసుకుని, షరతులకు ఒప్పుకుని తీసుకుంటారు.

పూర్వపక్షి: పేరు నమోదు వరకు నాకు అభ్యంతరం లేదు. వైరస్‌ల జన్యుక్రమాలు పంచుకునే గీసాయిడ్ డేటాబేసులో ఇప్పటికే ఆ పద్ధతి ఉంది, కోవిడ్ కాలంలో లక్షల వరసలు దాని ద్వారానే మారాయి. కానీ అమెరికా ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచే బయటికి వెళ్లిపోయింది. పేరు అడగని డేటాబేసులు ఇంకా ఉన్నాయి, వాటిలో ముఖ్యమైనది అమెరికా ప్రభుత్వానిదే. మీ షరతులు నచ్చని కంపెనీ అక్కడి నుంచి తీసుకుంటుంది. ఇక ఈ రోజు సంతకం చేయడానికి ఎవరు వస్తారు?

సిద్ధాంతి: ఫ్లూకు వచ్చారు.

పూర్వపక్షి: ఫ్లూ టీకా ప్రతి ఏటా అమ్ముడుపోతుంది, దాని కోసం ఆ వలయం సీసాలు ప్రతి ఏటా కావాలి. ఇంకా పుట్టని, పేరు కూడా లేని వైరస్ కోసం వస్తారా?

సిద్ధాంతి: ఐక్యరాజ్యసమితి సంస్థల కొనుగోళ్లలో పాల్గొనాలనుకునే కంపెనీలైతే రావచ్చు. అది కొంతమందినే లాగుతుంది, అందరినీ కాదు.

పూర్వపక్షి: రాని వాళ్ల సంగతి?

సిద్ధాంతి: వాళ్లకు వరస చేరకుండా చూడాలంటే, పేరు అడగని చోట దాన్ని పెట్టవద్దని ప్రయోగశాలలకు చెప్పవలసి వస్తుంది. 2020 జనవరి 11 గుర్తుకొచ్చినప్పుడల్లా ఆ మాట చెప్పడానికి నాకూ నోరు రావడం లేదు.