తీర్మానం కాపీ ఒక్కటే చూస్తే సరిపోదు

గిరిజన గూడేల్లో తీర్మానాల గురించి వచ్చిన ఒక వ్యాసంలో ‘గ్రామసభ ఆమోదం ఉంది’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఏ గ్రామసభ? షెడ్యూల్డ్ (గిరిజన) ప్రాంతాల పంచాయతీలకు వర్తించే పీసా చట్టం (1996) ప్రకారం గ్రామమంటే పంచాయతీ కేంద్రం కాదు. ఒక్క గూడెం కూడా గ్రామమే, దానికి సొంత సభ ఉంటుంది. నాలుగు గూడేలను ఒకచోటికి పిలిచి సభ పెడితే కొండ మీది వాళ్లు రానేరారు. అదీ సంత రోజైతే ఇక చెప్పక్కర్లేదు.

తీర్మానం సరైనదో కాదో తేల్చేది హాజరు పట్టీ. అటవీ హక్కుల నిబంధనల్లో 2012 సవరణ తర్వాత కోరం, అంటే సభ చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు, మొత్తం సభ్యుల్లో సగం. గూడెంలో 240 మంది పెద్దలుంటే 120 మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు, అంటే 40 మంది, ఆడవాళ్లు ఉండాలి. అటవీ హక్కుల దరఖాస్తుల మీద తీర్మానమైతే దరఖాస్తుదారుల్లో సగం మంది, లేదా వాళ్ల ప్రతినిధులు, ఎదురుగా ఉండాలి. అందుకే పట్టీ తీసుకుని వేలిముద్రలు లెక్కపెట్టండి, ఓటరు జాబితాతో పోల్చండి. ఒకే చేతిరాతతో వరుసగా సంతకాలు కనిపిస్తే అక్కడే ఆగాలి. తెల్లకాగితం మీద ముందే సంతకాలు తీసుకుని, తీర్మానం తర్వాత రాసుకోవడం గిరిజనులకు చేసే పచ్చి ద్రోహం.

భాష సంగతి మరీ ముఖ్యం. కువి అనే గిరిజన భాష మాట్లాడేవాళ్లకు తెలుగులో చదివి వినిపిస్తే అది చెప్పినట్టు కాదు. ఇక సభ మాటకు విలువెంతో చూడండి: ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైట్ గని విషయంలో 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 12 పల్లెసభలు పెడితే, పన్నెండూ గనిని వద్దన్నాయి.

దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. అప్పీలుకు 60 రోజుల గడువు ఉంది.