లావైన పిల్లవాడిని తిట్టే ముందు వాడి బీపీ చూడండి

పెళ్ళికి వెళ్తే చాలు, బొద్దుగా ఉన్న పిల్లవాడి బుగ్గ గిల్లి, అదే నోటితో వాళ్ళమ్మను దోషిగా నిలబెట్టే పెద్దలకు మన బంధువర్గంలో లోటు లేదు. "ఏమ్మా, బాగా మేపుతున్నావే" అంటారు, అదీ ఆ పిల్లవాడి ముందే. పక్కనే అంతే తిని, అంతసేపూ ఫోను చూసి పుల్లలా ఉన్న వాడి అన్నయ్య జోలికి మాత్రం ఎవరూ వెళ్ళరు. ఒకే వంటింటి అన్నం ఇద్దరికీ ఒకేలా ఎందుకు ఒంటబట్టలేదని ఒక్కరికీ తోచదు.

డెన్మార్కులో దత్తత వెళ్ళినవారి మీద 1986లో వెలువడిన అధ్యయనం ఈ ప్రశ్నకు గట్టి జవాబే ఇచ్చింది. పెద్దయ్యాక వాళ్ళ లావు, సన్నం కన్నవారితో పోలాయి, పెంచినవారితో కాదు. 2007లో ఎఫ్‌టీవో అనే జన్యువుకు లావుతో ముడి ఉందని బయటపడింది. దాని ఒక రకం తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా అందినవారు, అసలు అందనివారి కంటే సగటున 3 కిలోల బరువు ఎక్కువ. ఆ తేడా ఏడేళ్ళ వయసుకే కనిపిస్తుంది, పైగా అది కండ కాదు, కొవ్వు. ఇలాంటి జన్యువులు చాలావరకు పనిచేసేది మెదడులో, ఆకలి దగ్గర. కడుపు నిండిందన్న కబురు ఆలస్యంగా అందే పిల్లవాడిని "నోరు కట్టుకో" అని గదమాయించడం, చూపు ఆననివాడిని కళ్ళు పెద్దవి చేసి చదవమనడమే.

ఇంతవరకు చదివి "చూశారా, మా వంశమే అంత" అని ఊపిరి పీల్చుకునేవారితో నాకు ఇంకా పెద్ద తగవు ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం మన దేశంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో అధిక బరువు ఉన్నవారు 2015-16లో 2.1 శాతం, 2019-21లో 3.4 శాతం. అంత కొద్ది కాలంలో జన్యువులు మారవు. మారింది మన వంటిల్లు, బడి ఆటస్థలం, వీధి చివరి దుకాణం.

పైగా వంశం పేరు చెప్పి బీపీని వదిలేస్తారు. కొవ్వుకూ బీపీకీ ఉన్న ముడి అంత సూటిగా ఉండదు. మెదడులో ఆకలిని అదుపు చేసే ఎంసీ4ఆర్ అనే జన్యువు చెడిన పిల్లలు చిన్నతనంలోనే విపరీతంగా లావవుతారు. అయినా ఆ లోపం ఉన్నవారిలో బీపీ అదే లావున్న ఇతరుల కంటే తక్కువగా ఉందని 2009లో కేంబ్రిడ్జి పరిశోధకులు చూపించారు. అంటే బీపీని పెంచేది మోసే బరువు ఒక్కటే కాదు. కొవ్వు నుంచి వెళ్ళే లెప్టిన్ అనే హార్మోను వంటి సంకేతాలు మెదడులో ఈ ఎంసీ4ఆర్ దారిని తాకి, అక్కడి నుంచి నరాల ద్వారా రక్తనాళాలనూ మూత్రపిండాలనూ బిగిస్తాయి. ఆ దారిలో ఎవరి జన్యువులు వారివి. ఒకే బరువున్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి బీపీ ఉండి ఇంకొకరికి లేకపోవచ్చు. చూసి చెప్పలేం, కొలవాల్సిందే. అమ్మకో నాన్నకో బీపీ ఉంటే మరీనూ.

మన పిల్లల్లో ఇంకో చిక్కు. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ పరిశోధక బృందం బరువు తక్కువగా పుట్టిన మన శిశువుల్లోనూ ఒంట్లో కొవ్వు వాటా ఎక్కువేనని ఏనాడో చెప్పింది. కాబట్టి త్రాసు ఒక్కటే చూసి మురిసిపోకండి, నడుము కూడా కొలవండి.

కొలిచే తీరు మీదా నాకు కోపమే. లావైన చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ లేనిది ఉన్నట్టు చూపిస్తుంది. ఇక ఆరేళ్ళవాడికి 120/80 వస్తే "మామూలే" అనేవారున్నారు. పెద్దవాళ్ళ లెక్క అది, ఆ వయసుకు ఎక్కువ. పిల్లల బీపీని వయసు, ఎత్తు, ఆడా మగా చూసి పట్టికతో పోల్చాలి. మూడేళ్ళు దాటాక ఏడాదికోసారి చూడాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2017లో చెప్పింది. మన దగ్గర జ్వరానికి తీసుకెళ్తే బరువు చూస్తారు, బీపీ పట్టీ మాత్రం సొరుగులోంచి బయటికి రాదు.

ఈ లోపు "మీ పాప జన్యువులు తెలుసుకోండి" అంటూ ఉమ్మి పరీక్షలు అమ్మేవారు దిగారు. ఐదేళ్ళు నిండకముందే అదుపులేని ఆకలితో అమితంగా లావైన పిల్లలకు జన్యు పరీక్ష నిజంగా అవసరం. 1997లో బ్రిటన్‌లో లెప్టిన్ అసలే తయారుకాని ఇద్దరు పిల్లలను గుర్తించారు, ఆ హార్మోను సూదితో ఇచ్చాక ఆకలి అణిగి కొవ్వు కరిగింది. అలాంటివారు బహు అరుదు. మిగతా పిల్లలకు ఆ కాగితం చెప్పే సగం సంగతి అమ్మమ్మ, తాతయ్యల ఫోటోల్లోనే ఉంది. ఆ డబ్బుతో పిల్లల చేతికి సరిపోయే పట్టీ ఒకటి కొని, ఎలా చూడాలో మీ డాక్టరు దగ్గర నేర్చుకోండి.