సవరణ: ఆ శాతాలు జనాన్ని లెక్కపెట్టి తేల్చినవి కావు
కొత్త ఆలోచనలు జనంలోకి ఎలా వ్యాపిస్తాయో వివరించిన నా గత వ్యాసంలో, ఏ సమాజంలోనైనా అందరికన్నా ముందు స్వీకరించేవారు 2.5 శాతం, చివరికి స్వీకరించేవారు 16 శాతం ఉంటారని పరిశోధనల్లో తేలినట్టు రాశాను. అది పొరపాటు. అమెరికా సమాజశాస్త్రవేత్త ఎవరెట్ రోజర్స్ 1962లో ఈ వర్గాలను విభజించినప్పుడు, స్వీకరణ కాలాన్ని గంట ఆకారపు వక్రరేఖగా తీసుకుని, సగటుకు ప్రామాణిక విచలనాల (విలువలు సగటు చుట్టూ ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) దూరంలో హద్దులు గీశారు. కాబట్టి ఆ అంకెలు నిర్వచనం నుంచి వచ్చినవే.

అదే వ్యాసంలో చివరికి స్వీకరించేవారిని మొండివారన్న మాటను కూడా వెనక్కి తీసుకుంటున్నాను, నిజానికి నన్ను ఎక్కువగా బాధిస్తున్నది అదే. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో సంకర మొక్కజొన్న విత్తనంపై రయన్, గ్రాస్ అనే పరిశోధకులు 1943లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 259 మంది రైతుల్లో ఇద్దరు తప్ప అందరూ 1941 నాటికి ఆ విత్తనానికి మారారు. అయితే చాలామంది మొదట పొలంలో కొద్ది భాగంలోనే దాన్ని విత్తి, ఫలితం కళ్లారా చూశాకే విస్తీర్ణం పెంచారు. ముందుగా మారినవారిపై విత్తనాలు అమ్మేవారి మాట ఎక్కువగా పనిచేస్తే, తర్వాతివారిని ఒప్పించింది ప్రధానంగా ఇరుగుపొరుగు రైతులే. దాన్ని మొండితనం అనడం అన్యాయం. పైగా ఒక విషయంలో వెనకున్న మనిషే మరో విషయంలో అందరికన్నా ముందుండవచ్చు.